ఉత్తర ధ్రువజ్యోతి: కొయ్యబసలో మూడు రాత్రులు

మన స్త్రీలు దూరప్రయాణములు చేయకపోలేదు. కాశీరామేశ్వరములు చూచినవారు కలరు. పుష్కరములకు పోయినవారు కలరు. కొన్ని దశాబ్దములుగా కుమార్తెల పురుళ్లకును, కోడండ్ర పురుళ్లకును సముద్రములు దాటి పోవువారు మన కృష్ణాతీరమున వీధివీధికిని కనబడుచున్నారు. గవర్నర్‌పేటలో మా వీధియందే అట్టివారు అయిదుగురు. అయితే ఈ ప్రయాణము లన్నిటికిని ఒక పని యుండును: పుణ్యమో, పురుడో, పెండ్లియో, రోగమో. పని యేదియు లేక, కేవలము ఒకదానిని కన్నులార చూచుటకై ఒక స్త్రీ ఇల్లు కదలినదని చెప్పినచో, వినువారు మొదట నవ్వుదురు; పిమ్మట ఖర్చెంతయైన దని అడుగుదురు. మమ్మును అట్లే అడిగిరి. వారి కందరికిని విడివిడిగా చెప్పుటకంటె, పోదలచిన సోదరీమణులకు గూడ ఉపయోగపడునట్లు ఇచ్చట వ్రాయుట మేలని తోచినది.

మేము చూడబోయినది ఉత్తర ధ్రువజ్యోతి. భూమికి ఉత్తరపు కొసన శీతకాలపు రాత్రులందు ఆకాశమున కదలాడు రంగుల వెలుగు. ఈ కోరిక మొదట మాది కాదు, మా పెద్దాడబిడ్డగారిది. మేము వారిని వదినగారని పిలుతుము. ఏబది రెండు విద్యార్థినులున్న తరగతిలో ముప్పదియేండ్లు భూగోళము బోధించి విరమించుకొన్నవారు. పాఠ్యపుస్తకములో ధ్రువజ్యోతిని గూర్చి ఒక్క వాక్యము ఉండెడి దట. ప్రతి సంవత్సరమును ఎవరో ఒక బాలిక లేచి, “అది ఎట్లుండునండీ, టీచరుగారూ?” అని అడిగెడి దట. “తెరవలె నుండు నని చెప్పెడిదానను. నేను చూచితినా? పెట్టితినా?” అని వదినగారు ఇప్పటికిని చెప్పుదురు.

వారికి డెబ్బదియొకటవ యేడు. కండ్లకు నీటికాసులు. ఈ జబ్బు గుట్టుగా వచ్చునది. నొప్పి యుండదు, ఎఱ్ఱదనముండదు. చూపు అంచులనుండి లోపలికి క్రమముగా ముడుచుకొనిపోవును. తెలియవచ్చునప్పటికి చాలవరకు పోయి యుండును. శుక్లములవలె కోసి తీసివేయుటకు వీలులేదు. మందు చుక్కలతో ఉన్నచూపును నిలుపుకొనవలసినదే గాని, పోయినది తిరిగి రాదు. వదినగారి కుడికన్ను చాలవరకు పోయినది. ఎడమకన్ను మిగిలినది. నలుబదియేండ్లు దాటిన ప్రతి స్త్రీయు కంటిలోని ఒత్తిడిని పరీక్ష చేయించుకొనవలెను. ఇంటిలో ఎవరికైనను ఈ జబ్బున్నచో తప్పక చేయించుకొనవలెను. ఇది ప్రస్తుతవిషయము కాకపోయినను చెప్పక విడువలేము.

వదినగారి కుమార్తె స్వీడను దేశపు రాజధానియగు స్టాక్‌హోములో ఉన్నది. అక్టోబరులో పురుడు వచ్చినది. వదినగారు ముందుగనే పోయి అన్నియు చక్కబెట్టిరి. ఫిబ్రవరిలో వారిని వెంటబెట్టుకొని వచ్చుటకు మేము పోయితిమి. వెళ్లిన మరునాడే మనుమరాలిని ఒడిలో వేసికొని, “ఏమమ్మా, పురుడు పోసితిని, పిల్లకు నలుగు పెట్టి నీళ్లు పోసితిని. ఇంక నాకొక నాలుగు దినములు ఇప్పింతురా? ఆ వెలుగేదో ఈ కన్ను ఉండగా చూచి వత్తము” అనిరి. అమ్మాయి మొదట జంకినది. మంచులో అమ్మ జారిపడునేమో, చలికి తాళలేదేమో అని. అల్లుడుగారు మాత్రము మారుమాటాడక ఆ రాత్రియే రైలు టిక్కెట్లును, బసయు కుదిర్చిరి. ఇట్టి అల్లుండ్రు అరుదుగా నుందురు.

స్టాక్‌హోమునుండి రాత్రి రైలులో రమారమి పదునెనిమిది గంటలు ఉత్తరమునకు పోయినచో అబిస్కో అను చిన్న ఊరు వచ్చును. మన విజయవాడ భూమధ్యరేఖకు 16½ డిగ్రీల ఉత్తరమున నున్నది. అబిస్కో 68 డిగ్రీలకు పైనున్నది. 1909 సంవత్సరమున స్థాపింపబడిన జాతీయవనము దాని ప్రక్కనే కలదు. దారిలో కిరూనా అను ఇనుపగనుల పట్టణమున్నది. అచ్చటి యినుమును నార్వే దేశపు ఓడరేవగు నార్విక్కునకు చేర్చుటకై 1902-03 సంవత్సరములలో ముగించిన రైలుమార్గమే ఇది. గని క్రింద త్రవ్వుకొని పోవుటచే పైనున్న పట్టణము కుంగసాగినది. అందుచేత ఊరి నడిబొడ్డునే వేరొకచోటికి మార్చుచున్నారు. 2025 ఆగస్టులో అచ్చటి కొయ్య చర్చిని ఊడదీయక, నిలిచినదానిని నిలిచినట్లే చక్రముల బండ్లపై 5 కిలోమీటరులు జరిపిరి. అద్దెయిల్లు మారుటకే ప్రాణము విసుగునట్టి మనకు ఇది వింతగా నుండును.

అబిస్కోను ఎన్నుకొనుటకు కారణము చెప్పవలెను. ధ్రువజ్యోతికి శత్రువు మేఘము. వెలుగు మేఘములకు ఎంతో పైన ఉండును. మబ్బు పట్టినచో పైన ఎంత వేడుక జరిగినను క్రిందివారికి తెలియదు. అబిస్కోకు పడమట ఎత్తైన కొండలు సముద్రపుగాలిలోని తడిని ముందుగనే పిండివేయును. పడమటి కనుమల చాటున మన అనంతపురమునకు వానలు కొరవడినట్లే, అచ్చట మంచును వానయు తక్కువ. మన అనంతపురమువారికి ఏది శాపమో, జ్యోతిని చూడవచ్చిన వారికి అది వరము.

బస కొయ్యది. నాలుగు గదులు. టోర్నెట్రాస్కు అను సరస్సు ఒడ్డున బిర్చి చెట్ల నడుమ కట్టినది. ఆ సరస్సు 70 కిలోమీటరుల పొడవు. శీతకాలమంతయు రాయివలె గడ్డకట్టి జూను వరకు కరగదు. బసలో కొళాయి లేదు. విద్యుద్దీపములు వంటగదిలో మాత్రమే కలవు, గదులలో కొవ్వొత్తులు. నీటికి సరస్సు మంచులో గొడ్డలితో కొట్టి ఉంచిన కంత యొకటి ఉన్నది. ఉదయమున దానిపై కట్టిన కొత్త పొరను పగులగొట్టి చేదతో తోడుకొనవలెను. ప్రతి గదిలోను ఇనుపపొయ్యి. దానికి కట్టెలు మనమే పెట్టుకొనవలెను. మరుగుదొడ్డి బయట ఇరువది అడుగుల దూరమున కలదు. అందు నీరు లేదు, చెక్కపొట్టు చల్లవలెను. రాత్రి చలి సున్నకు క్రింద 18 డిగ్రీలు. ఇది వినగానే మా వీధివారొకరు, “డబ్బిచ్చి మరీ పల్లెటూరి కష్టములు కొనుక్కొంటిరా?” అనిరి. నిజమే. కాని వదినగారు దివిసీమలో పుట్టి పెరిగినవారు. కట్టెలపొయ్యి చూడగానే ఆమె ముఖము వికసించినది. చితుకులు దూయుట, బూడిద త్రోయుట, నిప్పు ఆరకుండ రాత్రికి పెద్దదుంగ నొకదానిని వెనుకకు నెట్టి యుంచుట మాకు నేర్పినవారు వారే. బస యజమానురాలు అరువదేండ్ల స్త్రీ. ఆమె మరునాటి ఉదయమున పొయ్యి ఇంకను వెచ్చగానుండుట చూచి ఆశ్చర్యపడినది. పట్టణములనుండి వచ్చు అతిథులు అర్ధరాత్రి పొయ్యి ఆర్పుకొని తెల్లవారుజామున తలుపు తట్టుదు రట.

భోజనము సంగతి మన పాఠకురాండ్రు తప్పక అడుగుదురు. యూరపు సమ్మేళన దేశములలోనికి బయటనుండి పోవువారు పాలపదార్థములను, మాంసపదార్థములను తీసికొనిపోరాదు. కనుక నేతిసీసా ఇంటనే విడిచితిమి. పచ్చి కరివేపాకునకు గూడ ధ్రువపత్రము కావలెను. స్టాక్‌హోములో వెన్న కొని వదినగారు కాచిన నెయ్యి మన నేతికి తీసిపోలేదు. చింతపండు, ఇంగువ, కందిపొడి, అప్పడములు, ఆవకాయ వెంట నుండెను. ఆవకాయ జాడీని చోటులేక వసారాలో నుంచితిమి. ఉదయమునకు పైనూనె మైనమువలె గడ్డకట్టినది. కరగబెట్టుటకు పొయ్యిప్రక్కన పెట్టగా, ఆ వాసనకు తక్కిన మూడు గదులవారును వంటగదిలోనికి వచ్చిరి. అందొక జర్మను దంపతులు అన్నములో కలుపుకొని తిని, కన్నీరు కార్చుచునే మరల అడిగిరి.

మొదటి రాత్రి మబ్బు. ఏమియు కనబడలేదు. పొయ్యిచుట్టును కూర్చుండి యజమానురాలు చెప్పిన మాటలు వింటిమి. ఫిన్నులు ఈ వెలుగును “నక్కమంట” అను అర్థమిచ్చు మాటతో పిలుతురు. నక్క తోకతో మంచును చిమ్మగా నిప్పురవ్వలు ఆకాశమున కెగయునని వారి కథ. ఆ ప్రాంతపు పాతకాపులగు సామీజనులు జ్యోతి ఆడుచున్నప్పుడు ఈల వేయరాదందురు. వేసినచో దిగివచ్చి ఎత్తుకొనిపోవు నట. “మన ఊరిలో రాత్రి ఈల వేసినచో పాములు వచ్చునందురు గదా” అని వదినగారనగా అందరును నవ్విరి. రాత్రిపూట పిల్లలు ఈల వేయుట పెద్దలకు ఏ దేశమునను గిట్టదు కాబోలు.

ఈ వెలుగును పట్టుకొనుటకై కష్టపడినవారిలో నార్వే శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ బిర్క్‌లాండు ముఖ్యుడు. అతడు 1899 సంవత్సరమున హాల్డే అను 900 మీటరుల కొండకొమ్మున రాతియిల్లు కట్టించి శీతకాలమంతయు ఆకాశమును పరిశీలించెను. అంతకుముందు అన్వేషణకు పోయినప్పుడు అతని వెంటనున్న వైద్యవిద్యార్థి యొకడు చలికి చేతివ్రేళ్లు కోల్పోయెను. 1900 సంవత్సరమున మరియొక యువకుడు మంచుచరియ క్రింద పడి మరణించెను. సూర్యునినుండి వచ్చు విద్యుత్కణములను భూమి అయస్కాంతశక్తి ధ్రువములవైపు మరల్చు నని బిర్క్‌లాండు ఊహించి, గాజుపెట్టెలో చిన్న అయస్కాంతపు గోళమునుంచి, దానిచుట్టు కృత్రిమముగా ఆ వెలుగును పుట్టించి చూపెను. పిమ్మట ఆ కొండపై పరిశోధకులు భార్యాబిడ్డలతో సంసారములే పెట్టిరి. ఆ గాలికొండపై పిల్లలను పెంచిన ఆ యిల్లాండ్రను గూర్చి ఎవరైన విపులముగా వ్రాసినచో చదువవలెనని మా కోరిక. శాస్త్రచరిత్రలో పొయ్యి వెలిగించినవారి పేర్లు తఱచు కనబడవు.

ఈ వెలుగు ఎట్లు పుట్టునో చెప్పుదుము. సూర్యుడు వెలుగునే గాక, విద్యుత్తు నిండిన సూక్ష్మకణములనుగూడ ఎల్లప్పుడు వెదజల్లుచుండును. వెలుగు మనకు 8 నిమిషములలో చేరును. ఈ కణముల గాలికి సాధారణముగా కొన్ని దినములు పట్టును. భూమి పెద్ద సూదంటురాయి గనుక ఆ గాలి నేరుగ మనమీద పడదు. భూమి వెనుకవైపునకు చుట్టి పోయి, అచ్చట కూడిన శక్తి ఒక్కొకమాటు తెగి, కణములను ధ్రువముల చుట్టునున్న వలయములలోనికి విసరివేయును. అవి వచ్చి గాలిలోని ప్రాణవాయువును, నత్రజనిని తాకగా, ఆ వాయువులు వెలుగును. బీసెంటు రోడ్డు దుకాణములపై ఒకప్పుడు మెరసిన నియాను గొట్టపు దీపములు వెలిగినదియు ఇదేరీతిని. రమారమి 100 నుండి 150 కిలోమీటరుల యెత్తున ప్రాణవాయువు ఆకుపచ్చగా వెలుగును. 200 దాటిన పిదప ఎఱ్ఱగా వెలుగును. క్రిందియంచున నత్రజని గులాబి, ఊదారంగుల నిచ్చును. విజయవాడనుండి రాజమహేంద్రవరము ఎంత దూరమో, ఆ పచ్చని తెర రమారమి అంత ఎత్తున వ్రేలాడుచున్నదన్నమాట. మనము అయస్కాంతపు మధ్యరేఖకు దగ్గరగా నున్నవారము గనుక మనకు అది కనబడదు. సూర్యుడు మిక్కిలి ఉగ్రుడైనప్పుడు మాత్రము వలయము దక్షిణమునకు విస్తరించును. 1872 ఫిబ్రవరి 4వ తేదీని బొంబాయిలో ఈ వెలుగు కనబడినట్లు వ్రాసియున్నారు. 2024 మే 10వ తేదీ రాత్రి లడఖులోని హాన్లే వేధశాల కెమెరాలు ఆకాశపుటంచున ఎఱ్ఱని జ్యోతిని పట్టినవి.

దీనిని చెప్పుచుండగా జర్మను వారిలో భర్త, “మీ దేశమునుండి ఇంతదూరము దీనికొరకే వచ్చితిరా?” అని అడిగెను. వదినగారు గబుక్కున, “మీ వారు మా గుంటూరు రాలేదా?” అనిరి. అతనికి అర్థము కాలేదు. అప్పుడు వదినగారు తరగతిలోవలె చెప్పసాగిరి. 1868 ఆగస్టు 18వ తేదీని సంపూర్ణ సూర్యగ్రహణము మన కృష్ణా గుంటూరు మండలములమీదుగా పోయినది. ఫ్రాన్సునుండి పియరు జాన్సెను ఓడలో వచ్చి గుంటూరున ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట బసచేసెను. ఆంగ్లేయుడగు టెన్నెంటు గుంటూరులోనే మరియొక శిబిరము పెట్టెను. మద్రాసు వేధశాలాధిపతి పోగ్సను మచిలీపట్టణమునకు వచ్చెను. చంద్రుడు సూర్యుని కప్పిన ఆ కొద్ది నిమిషములలో, సూర్యుని అంచున ఎగయు జ్వాలలు మండుచున్న వాయువులని వారు వర్ణమాలికాయంత్రముతో కనుగొనిరి. జాన్సెను మరునాడు గ్రహణము లేకుండగనే ఆ జ్వాలలను చూచెను. ఆ జ్వాలల వర్ణమాలికలో కనబడిన ఒక పసుపుపచ్చని గీత అంతవరకు ఎరుగని మూలద్రవ్యముదని పిమ్మట తేలినది. సూర్యుని పేరిట దానికి హీలియమని పేరు పెట్టిరి. భూమిపై దానిని విలియం రామ్సే పట్టుకొన్నది 1895 సంవత్సరమున.

“ఆనాడు గుంటూరిలో ఆ దొరలు మిద్దెలెక్కి చూచుచుండగా మన ఆడవారెట నుండిరనుకొన్నావు? తలుపులు మూసికొని లోపల. కడుపుతో నున్నవారు కదలక మెదలక పండుకొని” అని వదినగారు మాతో తెలుగున అనిరి. అది పాతకథ యని త్రోసివేయుటకు వీలులేదు. 1980 ఫిబ్రవరి 16వ తేదీని సంపూర్ణగ్రహణము తెలుగుదేశముమీదుగా పోయినప్పుడు గూడ వీధులు నిర్మానుష్యముగా నుండినవి. అప్పుడు వదినగారు కడుపుతో నున్నారు. ఆ బిడ్డయే ఈ స్టాక్‌హోము అమ్మాయికి అన్న. భూగోళము బోధించు ఆ ఉపాధ్యాయిని ఆనాడు చీకటిగదిలో చాపపై పండుకొని, గోడ కవతల పక్షులు గూళ్లకు మరలు ధ్వని మాత్రము వినిరి. అత్తగారి మాట కాదనలేదు. కాదనవలసినదని వారు ఇప్పుడును అనరు. “విన్నాను, చూడలేదు” అని మాత్ర మనిరి. రక్షణ లేక సూర్యుని వంక చూడరాదనుట శాస్త్రము. గ్రహణపు నీడ గర్భమునకు హానిచేయు ననుట శాస్త్రము కాదు. ఈ రెంటికిని గల భేదమును మన యిండ్లలో ఇంకను చెప్పవలసియే యున్నది. నేడు మన నెల్లూరి సీమ అంచుననున్న శ్రీహరికోటనుండి 2023 సెప్టెంబరు 2వ తేదీని ఎగసిన ఆదిత్య-ఎల్1 అను నౌక, భూమికి 15 లక్షల కిలోమీటరుల దూరమున నిలిచి, ఆ సూర్యుని గాలినే పరిశీలించుటకై 2024 జనవరి 6వ తేదీని తన స్థానమును చేరినది.

రెండవ రాత్రి ఆకాశము తేటపడినది. నక్షత్రములు ఎంత దట్టముగా నుండెననగా, చిన్ననాట మాకు తెలిసిన సప్తర్షిమండలమును వాని నడుమ వెదకికొనవలసివచ్చినది. ధ్రువనక్షత్రము మన ఊరిలో ఇండ్ల కప్పులకు మరుగుపడియుండునది, అచ్చట నడినెత్తికి కొంచెమిటు. పదిగంటలకు యజమానురాలు వాకిట గంట వాయించినది. అందరమును పరుగెత్తితిమి. ఉత్తరమున కొండలపై బూడిదరంగు పట్టీవంటిది ఒకటి. పలుచని మబ్బే యనుకొంటిమి. జర్మను భార్య తన ఫోనును అటు త్రిప్పి నాలుగు సెకనులు నిలిపి చూపగా, అందు పచ్చగా నిగనిగలాడుచున్నది! ఇచ్చట పాఠకురాండ్రకు ఒక సత్యము చెప్పవలెను. పత్రికలలోను, ఫోనులలోను మీరు చూచు పచ్చని బొమ్మలలో చాలభాగము కెమెరా కూడబెట్టిన వెలుగు. కెమెరా పలుసెకనుల వెలుగును ఒక్కచోట చేర్చును. కంటి కా శక్తి లేదు. మసకవెలుగులో మన కన్ను రంగులను గుర్తింపజాలదు. కావున సాధారణపు జ్యోతి కంటికి బూడిదవలె, తెల్లనిపొగవలె కనబడును. ఇది తెలియక పోయినవారు మోసపోయితి మనుకొందురు.

వదినగారికి ఆ బూడిదపట్టీ గూడ కనబడలేదు. మసకవస్తువును చూచునపుడు చూపును కొంచెము ప్రక్కకు మరల్చవలెనని, కంటి అంచులు చీకటిలో మధ్యకంటె చురుకుగా చూచునని యజమానురాలు చెప్పినది. మాకు అట్లు చేయగా స్పష్టమైనది. కాని వదినగారికి లేనిది ఆ అంచుచూపే గదా. ఆమె అరగంట నిలిచి, “ఎచ్చట? ఆ కొండకు కుడివైపునా?” అని రెండుమారులు అడిగి, పిదప అడుగుట మానిరి. ఫోనులోని బొమ్మను చూడుమని ఎవరో అందీయగా, “వద్దమ్మా, బొమ్మలు ఇంటికాడ చూచితిని” అని లోపలికి పోయి పొయ్యిలో కట్టె పెట్టిరి. ఆ రాత్రి మేమిరువురమును ఏమియు మాటాడుకొనలేదు. కంటిమందు సీసాను చలికి గడ్డకట్టకుండ రవికలో పెట్టుకొని పండుకొనిరి.

మూడవది మహాశివరాత్రి. మేము ఏరికోరి ఏర్పరచుకొన్న తిథి కాదు. అల్లుడుగారికి చౌకగా దొరకిన టిక్కెట్టు దినము. మాఘబహుళ చతుర్దశి గనుక చంద్రుడు లేడు. జ్యోతిని చూచువారికి అంతకంటె కావలసిన దేమి? వదినగారు ఉపవాసము. సరస్సు కంతలోని నీరు వెచ్చబెట్టుకొని స్నానముచేసి, కిటికీవద్ద దీపము పెట్టిరి. మన దేశమున ఆ రాత్రి కోవెలలలో జాగరణ చేయు సమయమున మేము గొంగళ్లు కప్పుకొని వసారాలో కూర్చుంటిమి. ఉన్నిలాగుపై చీర కట్టి, దానిపై అద్దెకు తెచ్చిన బొంతకోటు తొడిగి, మోకాళ్లవరకు బూట్లతో వదినగారిని చూచినచో వారి శిష్యురాండ్రు గుర్తింపరు. చీర మాత్రము విడువలేదు.

పదకొండు దాటినది, ఏమియు లేదు. పన్నెండు దాటినది. జర్మను వారు పండుకొనుటకు పోయిరి. కాళ్లు కొయ్యబారుచున్నవి. “లోపలికి పోదమా వదినగారూ?” అంటిమి. “జాగరణమమ్మా. నీవు పో, నేనుందును” అనిరి. ఒంటిగంటకు ఇరువది నిమిషములు ఉన్నదనగా తూర్పున నొక కంబము లేచినది. ఇద్దరు స్త్రీలు తడిచీరను చెరియొక కొస పట్టుకొని విదిలించినచో అల యెట్లు పరుగెత్తునో, అట్లు ఆ కంబము పడమటికి పరుగెత్తి ఆకాశమంతయు తెరయైనది. ఈమారు బూడిద కాదు. లేతవరిమడి పచ్చన. క్రిందియంచున గులాబివన్నె. కుచ్చెళ్లవలె మడతలు పడుచు, విప్పుకొనుచు, నడినెత్తికి వచ్చి ఒక్కసారిగా గొడుగువలె విచ్చుకొన్నది. మంచుపై మా నీడలు పడినవి. అంతయు నిశ్శబ్దము. అంతపెద్ద కదలిక చప్పుడులేకుండ జరుగుట మాకు భయమును గూడ కలిగించినది.

మేము వదినగారివైపు చూచితిమి. తల వెనుకకు వాల్చి, కుడికన్ను చేతితో మూసికొని, ఎడమకంటితో నడినెత్తిని చూచుచున్నారు. “కనబడుచున్నదా?” అని అడుగుటకు నోరు రాలేదు. కొంతసేపటికి వారే, “పచ్చన... అంచున ఎఱుపు. తెర యని చెప్పితిని గాని, తెర కాదు. తెరకు వెనుకవైపొకటి ఉండవలెను గదా. దీనికి లేదు” అనిరి. పండ్రెండు నిమిషములు అట్లు నిలిచి, క్రమముగా పలుచనై, కొండలమీద బూడిదరంగు మాత్రము మిగిలినది. అది వారికి కనబడలేదు, “అయిపోయినదా?” అని అడిగిరి. “ఇంకను కొంచెము కలదు” అంటిమి. “అది మీరు చూడుడు” అని తాము మెట్లపై కూర్చుండిరి. తెల్లవారువరకు నిద్రపోలేదు, ఉపవాసమును ఉదయము అటుకులతో విడిచిరి.

ఇక పోదలచినవారికి కొన్ని సంగతులు. సెప్టెంబరు తుదినుండి మార్చి తుదివరకు కాలము. డిసెంబరు ఆరంభమునుండి జనవరి నడిమి వరకు అబిస్కోలో సూర్యుడే ఉదయింపడు, వయసుమీరినవారికి అది దిగులు. ఫిబ్రవరి, మార్చి నెలలలో పగలు వెలుగుండును, రాత్రియు చీకటిగా నుండును. పున్నమిని తప్పించుకొనుట మంచిది. ఒక్కరాత్రికై పోవలదు, మూడు రాత్రులకు తక్కువ పోవలదు. వీసా రుసుము 2024 జూనునుండి పెద్దలకు 90 యూరోలు; 30,000 యూరోలకు తగ్గని వైద్యబీమా చూపవలెను.

చలిదుస్తులు ఇంటనే కొని మోయనక్కరలేదు. బూట్లు, కోట్లు అచ్చట అద్దెకు దొరకును. ఒంటికంటియుండునది ఉన్ని కావలెను, నూలు కారాదు. నూలుబట్ట చెమట పీల్చి చలిని లోనికి తెచ్చును. మేజోళ్లు రెండు జతలు వదులుగా నుండవలెను, బిగువైనచో కాళ్లు మొద్దుబారును. వ్రేళ్లు విడివిడిగానుండు చేతితొడుగులకంటె నాలుగు వ్రేళ్లు కలిసి యుండునవి వెచ్చన. కళ్లజోడున్నవారు నోటికి శాలువ అడ్డము పెట్టుకొన్నచో అద్దములపై ఊపిరి గడ్డకట్టును. చీకటికి కన్ను అలవాటుపడుటకు ఇరువది ముప్పది నిమిషములు పట్టును; ఆ నడుమ ఒక్కమారు ఫోను వెలిగించినను మొదటికి వచ్చును. మందులు, ముఖ్యముగా కంటిచుక్కలు, సంచిలో గాక ఒంటియొద్ద ఉంచుకొనవలెను.

ఖర్చు విమానపు ఛార్జీనిబట్టి యుండును. అచ్చటివరకు పోయినవారికి రైలును, మూడు రాత్రుల కొయ్యబసయు, మేము బీసెంటు రోడ్డులో ఒక మోస్తరు పెండ్లికి పట్టుచీరలు కొన్న మొత్తమునకంటె తక్కువే యైనవి.